ఆదివారం డ్యూటీ పడితే నా సేవ సగమైపోతుందా?

కృష్ణా డెల్టాలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 37 ఏళ్ళు. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు, చేరి 14 ఏళ్ళయింది. భర్తకు హార్డ్‌వేర్ దుకాణం. అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, అమ్మాయి ఎనిమిదో తరగతి. రెండేళ్ళ కిందట అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. పగలు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. పొద్దునా రాత్రీ పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, మందులు వేయడం ఈమె పనే.

పెళ్ళయినప్పటి నుంచి ఒకే సంఘానికి వెళ్తున్నారు. అక్కడ స్త్రీల కూడికకు కార్యదర్శి, సండే స్కూలు టీచరు, పాటల బృందంలోనూ ఉన్నారు. ఆసుపత్రిలో సిబ్బంది తగ్గిపోవడంతో ఏడాదిగా నెలకు రెండు మూడు ఆదివారాలు డ్యూటీ పడుతోంది. గత నెల ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు, చల్లగానూ వెచ్చగానూ లేదని ప్రకటన గ్రంథంలో ప్రభువు మందలించిన లవొదికయ సంఘం మీద వాక్యం చెబుతూ, "ప్రభుత్వానికి ఆరు రోజులు, ప్రభువుకు అరపూట ఇచ్చేవాళ్ళు నులివెచ్చని వాళ్ళే" అన్నారట. పేరు ఎత్తకపోయినా అందరూ తనవైపే చూశారని రాశారు. కూడిక అయ్యాక పాస్టరు గారి భార్య, అమ్మగారు, పక్కకు పిలిచి ఇంకో మాట అన్నారు. "పంతొమ్మిదేళ్ళప్పుడు యువజన కూటాల్లో పూర్తికాల సేవకు చెయ్యెత్తానని నువ్వే సాక్ష్యం చెప్పావు. ఆ మొక్కుబడి చెల్లించలేదు గనుకే మీ అత్తగారు మంచాన పడ్డారేమో, ఆలోచించుకో" అని.

అప్పటి నుంచి ఆమెకు సరిగా నిద్ర లేదు. రాజీనామా ఉత్తరం ఫోన్లో టైపు చేసి పెట్టుకున్నారు. భర్త వద్దనలేదు. "ఇంటి లోను తీరలేదు, పిల్లల చదువులున్నాయి, నువ్వే ఆలోచించు" అన్నారు. చివర ఆమె ఇలా అడిగారు: "వార్డులో ఉంటే మందిరంలో లేనే అని బాధ. మందిరంలో ఉంటే అత్తయ్యకు పక్క మార్చే టైమయిందే అని బాధ. పూర్ణహృదయంతో సేవించమని దేవుడు అడుగుతుంటే నేను ఎక్కడా పూర్తిగా లేను. ఉద్యోగం మానేస్తే నా మనసు పూర్తిగా ఆయనదవుతుందా?"

సోదరీ, మీ ప్రశ్నకంటే ముందు అమ్మగారి మాట సంగతి చూద్దాం. ఆ మాట మనసులో గుచ్చుకుని ఉండగా మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అది భయం తీసుకున్న నిర్ణయమే అవుతుంది. మీ అత్తగారి జబ్బు మీ మొక్కుబడికి శిక్ష కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి "ఇతను పాపం చేశాడా, ఇతని కన్నవాళ్ళా?" అని శిష్యులు అడిగినప్పుడు, ఎవరూ కాదని ప్రభువు అక్కడికక్కడే చెప్పారు. కోడలు మాట నిలబెట్టుకోలేదని అత్త మెదడులో రక్తనాళం మూసేసే దేవుడు సువార్తల్లో మనకు ఎక్కడా కనబడడు. పక్షవాతం ఎందుకు వస్తుందో నాకంటే మీకే బాగా తెలుసు. మీ వార్డులో ఒక రోగి కూతురితో ఎవరైనా ఇదే మాట అంటే మీరు ఊరుకుంటారా? ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఏం చెబుతారో, ఈ రాత్రి మీకు మీరే ఆ మాట చెప్పుకోండి.

ఇక నులివెచ్చదనం. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయం తెరిచి 15, 16 వచనాల దగ్గర ఆగకుండా 17 కూడా చదవండి. లవొదికయ వాళ్ళమీద ప్రభువు మోపిన నేరం ఆరాధనకు తక్కువసార్లు వచ్చారని కాదు. "మేం ధనవంతులం, మాకేమీ కొదువ లేదు" అని తృప్తిగా కూర్చున్నారని. మీ ఉత్తరం నిండా ఉన్నది నాకు చాలడం లేదు, నేను చాలడం లేదు అన్న ఆరాటమే. ఆ అధ్యాయంలో మందలింపు తిన్నవాళ్ళ పోలిక మీలో నాకు కనబడలేదు.

పూర్ణహృదయంతో ప్రేమించమన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది. ఆ వెంటనే వచ్చే మాటలను మనం తరచుగా దాటేస్తాం. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటలు పిల్లలతో చెప్పుకోమంటాడు మోషే. అంత పెద్ద ఆజ్ఞకు ఆయన చూపించిన చోట్లు ఇల్లు, దారి, పడక. బలిపీఠం ఆ వాక్యంలో లేదు. బలిపీఠం గురించి చెప్పవలసినవి ఆయన ఇంకోచోట విస్తారంగానే చెప్పాడు. కానీ హృదయమంతా ఇవ్వడం గురించి చెప్పినప్పుడు మాత్రం ఇంటి గడప దగ్గరే మొదలుపెట్టాడు.

నేను ఇంకా ఎక్కువగా ఆలోచించిన వాక్యం కొలొస్సయుల మూడో అధ్యాయంలోది. ఏం చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చేయమన్న మాట. సేవకు సమర్పించుకునే కూటాల్లో దాన్ని చదువుతుంటారు. పౌలు ఆ మాట రాసింది మాత్రం దాసులకు. పైవచనంలోనే "దాసులారా" అని పిలిచాడు. వాళ్ళ టైము వాళ్ళది కాదు. ఆదివారం సెలవు అడిగే దిక్కు లేదు. అసలు రోమా రాజ్యంలో ఆదివారం సెలవు అనేదే చాలాకాలం లేదు. కాన్‌స్టాంటైన్ చక్రవర్తి 321లో ఇచ్చిన ఆజ్ఞతో అది మొదలైంది. అంతకుముందు క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి అప్పటి చక్రవర్తికి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును స్తుతిస్తూ పాడతారని, తర్వాత విడిపోతారని అందులో రాశాడు. వాళ్ళలో ఇద్దరు దాసీలను పట్టుకుని చిత్రహింస పెట్టానని కూడా రాశాడు. ఆ ఇద్దరినీ సంఘం పరిచారకులని పిలుచుకునేదట. తన రోజులో ఒక్క గంట కూడా తనది కాని దాసి, సంఘానికి పరిచారకురాలు! ఎవరి పనికో ఎవరి పిలుపుకో పరుగులు తీస్తూ, చీకటితో వచ్చి పాడి, తెల్లారేసరికి యజమాని ఇంట్లో నీళ్ళు తోడే స్త్రీని మొదటి సంఘాలు సగం విశ్వాసిగా లెక్కగట్టలేదు. నైట్ డ్యూటీ దిగి, జడ కూడా సరిచేసుకోకుండా మందిరం వెనక వరుసలో వచ్చి కూర్చునే మీలాంటి వాళ్ళను చూసినప్పుడు నాకు వాళ్ళే గుర్తొస్తారు.

మోషే పంపిన వేగులవాళ్ళలో ఒకడైన కాలేబు సంగతి కూడా చూడండి. పూర్ణమనస్సుతో తనను అనుసరించాడని దేవుడే అతని గురించి చెప్పాడు. కనానును వేగుచూడటానికి వెళ్ళినప్పుడు అతనికి 40 ఏళ్ళు, హెబ్రోను కొండను అడిగేనాటికి 85. మధ్యలో ఎక్కువ కాలం ఏం చేశాడు? తన తప్పు లేకపోయినా, దేవుణ్ణి నమ్మక వెనకాడిన మిగతావాళ్ళతో పాటు ఎడారిలో నడిచాడు. ఆ ఏళ్ళలో అతను చేసిన ఘనకార్యమంటూ ఒక్కటీ రాసిలేదు. అయినా ఆ మనస్సు పూర్ణంగానే ఉంది.

ఆసుపత్రి పని లోకపు పని, మందిరంలోది దేవుని పని అన్న విభజన మన తెలుగు సంఘాల చరిత్ర ముందు నిలబడదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కంట్రాక్టుకు తీసుకున్నారు, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరకాలని. మన బోధకులు అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం ఆ 2,222 సంఖ్యను సభల్లో చెప్పుకుంటాం, మట్టి తట్టలను మరిచిపోతాం. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను మిషను బోర్డు మొదట వైద్యానికని పంపలేదు, ఘోషాలో ఉండే స్త్రీల మధ్య పనికని పంపింది. వైద్యం ఆమె పక్కన చేసుకున్న పని. తర్వాత అదే ఆమె పిలుపు అయింది. 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో కన్నుమూసేదాకా ఆ ఊరినే అంటిపెట్టుకున్నారు. మీరు వేసుకునే యూనిఫాం వెనక ఇంత చరిత్ర ఉంది.

అయితే నర్సు ఉద్యోగం చేస్తున్నంత మాత్రాన అదే సేవ అయిపోతుందని నేను అనను. అలా అంటే మిమ్మల్ని తేలికపరచి పంపించినట్టే. ఆ కొలొస్సయుల వాక్యానికి ముందే, పైవాళ్ళ కంటికి కనబడటానికి చేసే పని గురించి పౌలు హెచ్చరించాడు. మీ చోట దాని అర్థం మీకే బాగా తెలుసు. సూపరింటెండెంటు రౌండ్లు లేని రాత్రి రెండు గంటలకు మూల మంచం మీది ముసలాయన పిలిస్తే మొదటి పిలుపుకే లేస్తున్నారా? తోడుగా ఎవరూ లేని రోగికి అన్నం తినిపించేవాళ్ళున్నారా అని చూస్తున్నారా? కాన్పు వార్డులో బిడ్డను చేతికిచ్చేటప్పుడు డబ్బు అడిగే అలవాటు దగ్గర మీ చెయ్యి ఎలా ఉంది? డ్యూటీ అప్పజెప్పేటప్పుడు తర్వాత వచ్చే సిస్టరుకు అన్నీ నిజంగా చెబుతున్నారా? ఇవి మీమీద అనుమానంతో అడగడం లేదు. మీ సేవ నిండుగా ఉందా లేదా చూసుకోవాలంటే చూసుకోవలసిన చోట్లివి. హాజరు పుస్తకంలో అది తెలియదు. వార్డులో రోగి దగ్గర ఉన్నప్పుడు "మందిరంలో లేనే" అని కుమిలిపోవడం భక్తి కాదు సోదరీ. ఆ క్షణంలో ఆ రోగికి చెందవలసిన మనసును ఆ బాధ లాక్కుంటోంది.

ఇక ఉద్యోగం మానేయడం. మానేస్తే ఏమవుతుందో కళ్ళు తెరిచి చూడండి. ప్రభుత్వ ఉద్యోగంలో సెలవు వేరు, రాజీనామా వేరు. రాజీనామా ఆమోదమయ్యాక తిరిగి చేరడం దాదాపు జరగదు, ఇన్నేళ్ళ సర్వీసు మీద వచ్చే హక్కుల్లో చాలా పోతాయి. లోను బరువంతా దుకాణం మీద పడుతుంది. అత్తగారికి పెట్టుకున్న మనిషిని మాన్పించాల్సి వస్తుందేమో, అప్పుడు పగలంతా ఆ పని కూడా మీదే. సంఘం పనికి దొరుకుతుందనుకున్న టైము మొదటి నెలలోనే ఇంట్లో కరిగిపోవచ్చు. పైగా భయంతో మానేసినవాళ్ళకు ఆ భయం తీరదు, రేపు ఇంకో కూడికకు రాలేకపోతే మళ్ళీ మొదలవుతుంది. అలాగని పూర్తికాల సేవకు పిలుపే ఉండదని నేను చెప్పను. ఉంటుంది, దాన్ని అనుసరించి ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళిన కుటుంబాలను గౌరవిస్తాను. మీకు నిజంగా ఆ పిలుపు ఉంటే భార్యాభర్తలిద్దరికీ కలిసి నెమ్మదినిస్తుంది, లెక్కలు చూసుకునే వ్యవధినీ ఇస్తుంది. లోను తీరి, పిల్లలు ఒక దారికి వచ్చాక వెళ్ళినా అది పిలుపే. కాలేబు ఎంత ఆగాడో చూశాం కదా.

చెయ్యెత్తిన రాత్రి సంగతి. దాన్ని కొట్టిపారేయమని చెప్పలేను. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం గట్టిగానే చెబుతుంది. కానీ ఆ రాత్రి మీరు సరిగ్గా ఏమన్నారు? "నా జీవితం నీది ప్రభువా, నన్ను వాడుకో" అన్నారా? అలా అయితే 14 ఏళ్ళుగా ఆ మాట చెల్లుతూనే ఉంది. "నేను పూర్తికాల సేవకురాలినే అవుతాను" అని స్పష్టంగా అని ఉంటే లేవీయకాండం 27వ అధ్యాయం చదవండి. మనుషులను దేవునికి మొక్కుకున్నవాళ్ళు ఆ మొక్కుబడిని వెల కట్టి విడిపించుకునే ఏర్పాటు ధర్మశాస్త్రంలోనే ఉంది. ఆ వెల ఇచ్చుకోలేని బీదవాడు యాజకుడి ముందు నిలబడితే, అతని శక్తిని బట్టి వెల నిర్ణయించమని ఉంది. మాట ఇచ్చినవాడి స్థితి మారవచ్చని దేవుడికి ముందే తెలుసు, దానికి చోటు కూడా ఉంచాడు. మీవారితో, మీరు నమ్మే ఒక పెద్ద వయసు విశ్వాసితో కూర్చుని ఆ మాటను ప్రభువు ముందు మళ్ళీ విప్పండి. ఇప్పటి శక్తిని బట్టి ఏమివ్వగలరో అప్పుడు తేల్చుకోండి. నెలకు ఒక సాయంత్రం రోగుల ఇళ్ళకు వెళ్ళడం కావచ్చు, సండే స్కూలు ఒక్కటే కావచ్చు. ఎంత అన్నది నేను చెప్పేది కాదు.

అత్తగారి విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. మార్కు ఏడో అధ్యాయంలో కొర్బాను సంగతి చదివే ఉంటారు. అమ్మానాన్నలకు పెట్టవలసింది "దేవునికి అర్పించేశాం" అని తప్పించుకునేవాళ్ళను ప్రభువు ఎంత కఠినంగా మందలించారో చూడండి. దేవుని పేరు చెప్పి పెద్దవాళ్ళను వదిలేయడాన్ని ఆయన ఆరాధనగా ఒప్పుకోలేదు. రాత్రి పదింటికి ఆమె వీపు పుండు పడకుండా తిప్పుతున్న మీ చేతుల పని ఆరాధనకు అడ్డం కాదు.

అంటే కూడికలు అక్కర్లేదనా? కాదు. సమాజంగా కూడటం మానవద్దని హెబ్రీ పత్రిక చెబుతుంది. నెలల తరబడి విశ్వాసుల మధ్య కూర్చోకపోతే మనసు ఎండిపోతుంది, అది మీకు ఇప్పటికే తెలుస్తున్నట్టుంది. డ్యూటీ చార్టు వేసే సిస్టరుతో మాట్లాడండి. రంజానుకో సంక్రాంతికో సెలవు కావలసిన సహోద్యోగి ఉంటారు, ఆ రోజులు మీరు చేసి నెలకు రెండు ఆదివారాలైనా మార్చుకోండి. చైల్డ్ కేర్ లీవు ఎంత మిగిలిందో ఆఫీసులో అడిగి, అబ్బాయి పరీక్షల రోజులకు దాచుకోండి. ఆదివారం కుదరని వారం ఇంట్లో అత్తగారి మంచం దగ్గర పిల్లలతో ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదవండి.

మీరు దించుకోవలసిన బరువు కార్యదర్శి పదవి అని నాకనిపిస్తోంది. మూడు పనుల్లో ఎక్కువ ఫోన్లు, ఎక్కువ పంచాయితీలు దానివే అయి ఉంటాయి. వదిలితే కొన్నాళ్ళు గుసగుసలు వస్తాయి, "చూశారా, చల్లబడిపోయింది" అంటారు. అది ఓర్చుకోవాలి. వదలకుండా ఇలాగే లాగితే మీ ఒళ్ళు ముందు చేతులెత్తేస్తుంది. పిల్లలకు బోధించడంలో మీకు సంతోషం ఉందని ఉత్తరంలో ఒక వాక్యం చెబుతోంది, దాన్ని ఉంచుకోండి. వేరే సంఘానికి మారడం కూడా ఒక దారే, అయితే ఇప్పుడే వద్దు. గాయంతో మారితే అక్కడా ఇదే వినబడుతుంది. పాస్టరు గారితో మాట్లాడాక, ఆయన వినకపోతే, శిక్ష మాటలు మళ్ళీ మళ్ళీ వస్తే, అప్పుడు మారడం తప్పు కాదు.

ఆయనతో మాట్లాడేటప్పుడు మీవారిని వెంట తీసుకెళ్ళండి. చిన్న సంఘాల్లో కాపరుల పరిస్థితి కూడా తెలుసుకోవాలి. కానుకల మీద బతికే ఇల్లు వాళ్ళది. చురుగ్గా ఉన్న ఒక్కరు తగ్గినా మొత్తం జారిపోతుందేమోనన్న దిగులు వాళ్ళను పట్టుకుంటుంది, ఆ దిగులే ఒక్కోసారి ప్రసంగంలో కోపంగా బయటికొస్తుంది. అందుకని ఆ మాట సరైనదైపోదు. "అయ్యగారూ, ఆ రోజు మాట నాకు తగిలింది. నేను వెనక్కి పోలేదు, నా పరిస్థితి ఇది. కార్యదర్శిగా ఇంకొకరిని పెట్టండి, సండే స్కూలు చేస్తాను. అత్తయ్య జబ్బును నా మొక్కుబడితో ముడిపెట్టవద్దని అమ్మగారికి కూడా చెప్పండి" అని మెల్లగా, సూటిగా అనండి. ఏడుపు వస్తే రానివ్వండి. రాజీనామా గురించి మాత్రం నైట్ డ్యూటీలు దిగిన వారంలో ఏమీ తేల్చవద్దు. ఇంకో రెండు వారాలకూ నిద్ర పట్టకపోతే మీ ఆసుపత్రిలోనే డాక్టరుకు చూపించుకోండి.

ఇంకొకటి కూడా అడగండి. మీ ఉత్తరంలో పాస్టరు గారు, అమ్మగారు, స్త్రీల కూడిక అందరూ ఉన్నారు. ఈ రెండేళ్ళలో వాళ్ళు మీ ఇంటికి వచ్చిన సంగతి ఒక్కచోటా లేదు. రోగి ఉంటే పెద్దలను పిలిపించుకుని ప్రార్థన చేయించుకోమని యాకోబు పత్రిక చెబుతోంది. మీ అత్తగారు కూడా ఆ సంఘ సభ్యురాలే కదా. ఆమెకు ప్రభురాత్రి భోజనం ఇవ్వడానికి రమ్మని పాస్టరు గారిని పిలవండి. స్త్రీల కూడికలో ఇద్దరిని వంతులవారీగా వారానికో సాయంత్రం ఆమె దగ్గర కూర్చోమని అడగండి, ఆ గంటసేపు మీరు పడుకోండి. అడగడానికి మొహమాటపడకండి, ఇది సంఘం మీకు బాకీ ఉన్న సేవ. పాస్టరు గారు వచ్చిన రోజు టీ పెట్టడానికి మీరు వంటింట్లోకి పరుగెత్తకండి. మీ అబ్బాయి పెడతాడు. మీరు అత్తయ్య పక్కన కూర్చుని ఆమెతో పాటే ప్రభురాత్రి భోజనం తీసుకోండి.